ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్‌లో కమాండ్ ఇంజెక్షన్ లోపాలు: కనిపెట్టి మూసివేయడానికి సమగ్ర మార్గదర్శి

ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్ చూడటానికి వెబ్‌సైటే అయినా, తెర వెనుక చాలా పనులను ఇతర ప్రోగ్రాముల చేత చేయిస్తుంది. స్లైడ్లను వెబ్ పేజీలుగా మార్చడానికి లిబ్రేఆఫీస్‌ను పిలుస్తుంది. విద్యార్థి సమర్పించిన పీడీఎఫ్ మీద అధ్యాపకుడు వ్యాఖ్యలు రాయాలంటే, గోస్ట్‌స్క్రిప్ట్ దాన్ని పేజీలవారీగా బొమ్మలుగా మార్చిపెట్టాలి. వీడియోలకు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, వైరస్ తనిఖీకి క్లామ్‌ఏవీ, గణిత సమీకరణాలకు లేటెక్. ఇలా పిలిచే ప్రతి చోటా ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక ఆదేశం వెళ్తుంది. వినియోగదారు టైపు చేసిన అక్షరాలు ఆ ఆదేశంలో యథాతథంగా చేరాయంటే, సర్వర్‌పై ఏం నడవాలో నిర్ణయించే అధికారం అతని చేతికి వెళ్లినట్టే. ఇదే కమాండ్ ఇంజెక్షన్. అక్కడి నుంచి మార్కుల పట్టిక, ప్రశ్నపత్రాలు, విద్యార్థుల వ్యక్తిగత వివరాలు, డేటాబేస్ పాస్‌వర్డ్ అన్నీ అందుబాటులోకి వస్తాయి.

ఇది సర్వర్ నిర్వాహకుల కోసం, ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కు అదనంగా చేర్చే భాగాలు) రాసేవారి కోసం రాసినది. ఇందులోని పరీక్షలను మీ సొంత సర్వర్ నకలుపైనో, రాతపూర్వక అనుమతి ఉన్న చోటో మాత్రమే చేయండి. పరీక్షల సంగతికి వచ్చేముందు, లోపం ఎక్కడ పుడుతుందో చూద్దాం.

లోపం పుట్టే చోటు

ప్రోగ్రామర్ ఒక వాక్యాన్ని కూర్చుతాడు: మార్పిడి ప్రోగ్రాము పేరు, ఆ తర్వాత ఖాళీ, ఆ తర్వాత ఫైలు పేరు. ఆ వాక్యం షెల్‌కు, అంటే ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రాముకు, వెళ్తుంది. షెల్‌కు ఫైలు పేరెక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. సెమికోలన్ కనిపిస్తే ఒక ఆదేశం పూర్తయిందని, రెండోది మొదలవుతోందని అనుకుంటుంది. నిలువు గీత కనిపిస్తే మొదటి ఆదేశం ఫలితాన్ని రెండోదానికి అందిస్తుంది. ఆంపర్‌సాండ్, బ్యాక్‌టిక్, డాలరు గుర్తు పక్కన కుండలీకరణం, కొత్త పంక్తి గుర్తు, ఇవన్నీ షెల్‌కు ప్రత్యేకార్థాలున్న అక్షరాలే. ఫైలు పేరులో సెమికోలన్ పెట్టి, దాని పక్కన ఇంకో ఆదేశం రాస్తే రెండూ నడుస్తాయి. సాఫ్ట్‌వేర్ లోపాల రకాలను వర్గీకరించే సీడబ్ల్యూఈ జాబితాలో దీనికి సీడబ్ల్యూఈ-78 అనే సంఖ్య ఉంది.

దీనికి దగ్గరి లోపాలు రెండున్నాయి. ఒకటి సీడబ్ల్యూఈ-88, ఆర్గ్యుమెంట్ ఇంజెక్షన్ (ప్రోగ్రాము పేరు తర్వాత దానికి ఇచ్చే విలువలే ఆర్గ్యుమెంట్లు). ఇక్కడ కొత్త ఆదేశం పుట్టదు. నడవాల్సిన ప్రోగ్రాముకే అదనపు ఐచ్ఛికం (అది ఎలా నడవాలో చెప్పే ఆప్షన్) చేరుతుంది. ఫైలు పేరు హైఫన్‌తో మొదలైతే చాలా ప్రోగ్రాములు దాన్ని ఫైలుగా కాక ఐచ్ఛికంగా చదువుతాయి. రెండోది సీడబ్ల్యూఈ-95, అంటే వినియోగదారు ఇచ్చిన పాఠాన్ని భాషలోని ఇవాల్ వంటి నిర్మాణం కోడ్‌గా నడపడం. దారి వేరైనా చేరేది ఒక్క చోటికే. అందుకే ఈ మూడింటినీ కలిపే వెతకాలి.

జరిగిన సంఘటనల నుంచి నేర్చుకోవలసినది

ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్ చామిలోలో 2023లో బయటపడిన సీవీఈ-2023-34960 చూడండి (సీవీఈ అంటే బయటపడిన ఒక్కో లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య). పవర్‌పాయింట్ ఫైళ్లను పాఠాలుగా మార్చే వెబ్ సర్వీస్‌కు (ఇతర ప్రోగ్రాములు పిలవడానికి ఉన్న ద్వారానికి) ప్రత్యేకంగా తయారు చేసిన ఫైలు పేరు పంపితే సర్వర్ ఆ పేరులోని ఆదేశాన్ని నడిపేది. లాగిన్ కూడా అక్కర్లేదు. 1.11.18 వరకు ఉన్న 1.11 శ్రేణి వెర్షన్లకు ఇది వర్తించింది. సవరణ వచ్చింది. ఆ సవరణను తప్పించుకునే దారి కూడా అదే ఏడాది సీవీఈ-2023-3368గా నమోదైంది, అది 1.11.20 వరకు పనిచేసింది. ప్రత్యేక అక్షరాలను పూర్తిగా నిర్వీర్యం చేయకపోవడమే దానికి కారణం. ప్రమాదకరమైన అక్షరాలను ఏరివేసే పద్ధతి మీద ఆధారపడితే ఒక్క అక్షరం మిగిలినా తలుపు తెరుచుకునే ఉంటుంది.

అలాంటిదే అయిన మూడుల్ సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఇంకో కోణం కనిపిస్తుంది. అక్షరదోషాలు చూసే యాస్పెల్ ప్రోగ్రాము ఏ మార్గంలో ఉందో అడ్మిన్ సెట్టింగుల్లో రాయవచ్చు. ఆ మార్గం స్థానంలో వేరే ఆదేశం రాసి, స్పెల్ చెక్ నొక్కితే అది నడిచేది. ఇది 2013లో సీవీఈ-2013-3630గా నమోదైంది. పాత స్పెల్‌చెకర్ ప్లగిన్ ద్వారా ఆదేశాలు నడపవచ్చని మూడుల్ 3.10లో మళ్లీ సీవీఈ-2021-21809గా తేలింది. రెండింటికీ అడ్మిన్ హక్కులు కావాలి కాబట్టి చాలామంది వీటిని తేలికగా తీసుకుంటారు. నేను ఒప్పుకోను. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎక్కడో లీకైతే వెబ్‌సైట్ ఒక్కటే పోవడానికీ, దాన్ని మోస్తున్న సర్వర్ మొత్తం పోవడానికీ చాలా తేడా ఉంది.

గణన ప్రశ్నల కథ ఇంకా ముఖ్యమైనది. మూడుల్‌లో అధ్యాపకుడు ఒక సూత్రం రాస్తే, ప్రతి విద్యార్థికీ వేర్వేరు అంకెలతో సమాధానం లెక్కకట్టే ప్రశ్న రకం ఉంది. ఆ లెక్క, మూడుల్ రాసిన భాష పిహెచ్‌పిలోని ఇవాల్‌తో జరిగేది. ముందు సూత్రాన్ని తనిఖీ చేసే కోడ్ ఉన్నా, దాన్ని దాటి కోడ్ నడపవచ్చని రిప్స్ టెక్నాలజీస్ పరిశోధకులు 2018లో చూపించారు, అది సీవీఈ-2018-1133. సవరించారు. 2024లో రెడ్‌టీమ్ పెన్‌టెస్టింగ్ సంస్థ అదే గణన ప్రశ్నల్లో మళ్లీ దారి కనుగొంది. దాని సంఖ్య సీవీఈ-2024-43425, సవరణలు 4.4.2, 4.3.6, 4.2.9, 4.1.12 వెర్షన్లలో వచ్చాయి. ఇక్కడ దాడికి ప్రశ్నలు తయారు చేసే హక్కుంటే చాలు, అంటే మామూలు అధ్యాపకుడి ఖాతా సరిపోతుంది. పెద్ద సంస్థలో అలాంటి ఖాతాలు వందల్లో ఉంటాయి, అన్నిటి పాస్‌వర్డ్‌లూ ఒకే స్థాయిలో భద్రంగా ఉండవు.

మొదటి అడుగు: పిలుపుల జాబితా తయారు చేయండి

ముందు ఒక పట్టిక రాయండి. మీ సాఫ్ట్‌వేర్ బయట ఏ ప్రోగ్రాములను పిలుస్తోంది, ఏ సందర్భంలో పిలుస్తోంది, ఆ సందర్భాన్ని ఎవరు సృష్టించగలరు. మూడుల్‌లో సర్వర్ సెట్టింగుల కింద సిస్టమ్ మార్గాల పేజీ తెరిస్తే చాలా భాగం అక్కడే దొరుకుతుంది. ప్లగిన్లు విడిగా పిలిచేవి అక్కడ కనిపించవు, వాటిని కోడ్‌లోనే వెతకాలి.

మూడో గడి దగ్గర ఎక్కువ సమయం పెట్టండి. లాగిన్ లేని సందర్శకుడు, విద్యార్థి, సహాయ అధ్యాపకుడు, అధ్యాపకుడు, మేనేజర్, అడ్మిన్, వెబ్ సర్వీస్ టోకెన్ (అనుమతి కీ) ఉన్న బయటి అప్లికేషన్, వీరిలో ఎవరు ఆ పిలుపును రగిలించగలరో రాయండి. తెరపై కనిపించే ఫారాలతో ఆగిపోవద్దు. కోర్సు బ్యాకప్‌ను పునరుద్ధరించడం, ప్రశ్నల నిధిని ఎక్స్‌ఎంఎల్ నుంచి దిగుమతి చేయడం, స్కార్మ్ (పాఠాలను మూటగట్టే ఒక ప్రామాణిక రూపం) ప్యాకేజీ ఎక్కించడం కూడా ప్రవేశ ద్వారాలే. ఫారంలో పెట్టిన తనిఖీ దిగుమతి దారిలో ఉండకపోవచ్చు. తనిఖీ ఫారం దగ్గర కాక, విలువను వాడే చోటనే ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

రెండో అడుగు: కోడ్‌లో వెనక్కి నడవండి

పిహెచ్‌పిలో వెతకవలసిన ఫంక్షన్లు ఎగ్జెక్, షెల్ ఎగ్జెక్, సిస్టమ్, పాస్‌త్రూ, పీఓపెన్, ప్రాక్ ఓపెన్, పీసీఎన్‌టీఎల్ ఎగ్జెక్. బ్యాక్‌టిక్‌ల మధ్య రాసిన పాఠాన్ని కూడా పిహెచ్‌పి ఆదేశంగా నడుపుతుంది. ఫంక్షన్ పేర్లు మాత్రమే వెతికేవారి కంటికి అది చిక్కదు. ఇవాల్‌ను విడిగా వెతకండి. మెయిల్ ఫంక్షన్ ఐదో ఆర్గ్యుమెంట్‌ను కూడా చూడండి. మెయిల్ పంపే పిహెచ్‌పి మెయిలర్ లైబ్రరీలో 2016లో వచ్చిన సీవీఈ-2016-10033 అక్కడే పుట్టింది. పంపేవారి చిరునామా ద్వారా సెండ్‌మెయిల్ ప్రోగ్రాముకు అదనపు ఐచ్ఛికాలు చేరేవి.

ఇంకో పాఠాల సాఫ్ట్‌వేర్ ఓపెన్ ఎడెక్స్ పైథాన్ భాషలో ఉంటుంది కాబట్టి అక్కడ ఓఎస్ సిస్టమ్‌ను, షెల్ ఐచ్ఛికాన్ని నిజమని పెట్టిన సబ్‌ప్రాసెస్ పిలుపులను వెతకాలి. అలాంటిదే అయిన కాన్వాస్ రూబీ భాష మీద నడుస్తుంది. అక్కడ సిస్టమ్, బ్యాక్‌టిక్‌లతో పాటు మామూలు ఓపెన్ కూడా జాగ్రత్తగా చూడవలసినదే, ఎందుకంటే పేరు నిలువు గీతతో మొదలైతే రూబీ కెర్నల్ ఓపెన్ దాన్ని ఆదేశంగా నడుపుతూ వచ్చింది.

ప్రతి పిలుపు దగ్గరా ఆగి, ఆదేశంలోని ప్రతి వేరియబుల్ ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూడండి. డేటాబేస్ దగ్గరికి చేరగానే చాలామంది ఊపిరి పీల్చుకుని ఆగిపోతారు. అక్కడ ఆగకూడదు. ఆ గడిలోకి విలువ రాసింది ఎవరు? విద్యార్థి ఈరోజు ఇచ్చిన ఫైలు పేరు డేటాబేస్‌లో నిశ్శబ్దంగా ఉండి, రాత్రి క్రాన్ పని (నిర్ణీత సమయానికి దానంతటదే నడిచే పని) నడిచినప్పుడు ఆదేశంలోకి చేరవచ్చు. అప్‌లోడ్ సమయంలో ఏమీ జరగదు కాబట్టి సాధారణ పరీక్షల్లో ఇది బయటపడదు. పైగా క్రాన్ కమాండ్ లైన్ పిహెచ్‌పితో నడుస్తుంది. దాని సెట్టింగుల ఫైలు తరచూ వేరుగా ఉంటుంది, వెబ్ వైపు పెట్టిన ఆంక్షలు అక్కడ ఉండవు. సమీక్షకు సమయం తక్కువుంటే క్రాన్ పనులతోనే మొదలుపెట్టమని నా సలహా.

మూడో అడుగు: నకలుపై పరీక్షించండి

అసలు సర్వర్‌తో సమానమైన నకలు సిద్ధం చేసి, అందులో నిజమైన విద్యార్థుల వివరాలు లేకుండా చూడండి. చాలా లోపాల్లో ఆదేశం ఫలితం తెరపై కనిపించదు. అందుకే కాలాన్ని కొలిచే పద్ధతి వాడతారు: అనుమానమున్న గడిలో, కొన్ని సెకన్లు ఆగమని చెప్పే స్లీప్ ఆదేశాన్ని చొప్పించి, జవాబు ఎంత ఆలస్యమైందో చూడడం. 5 సెకన్లు పెడితే 5, 10 పెడితే 10 సెకన్ల అదనపు ఆలస్యం కనిపిస్తే లోపం ఉన్నట్టే. ఒక్కసారి ఆలస్యమైనంత మాత్రాన నిర్ధారణకు రావద్దు. మార్పిడి పనులు సహజంగానే నెమ్మదిగా సాగుతాయి.

క్రాన్‌లో నడిచే పనులకు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ స్లీప్‌కు బదులు, మీ అధీనంలో ఉన్న డొమైన్ పేరు కోసం డీఎన్‌ఎస్ ప్రశ్న (ఆ పేరుకు చిరునామా ఏమిటని అడిగే అభ్యర్థన) పంపే ఆదేశం పెట్టి, ఆ ప్రశ్న వచ్చిందో లేదో గమనించాలి. ఫైలు పేర్లలో సెమికోలన్‌తో పాటు బ్యాక్‌టిక్, డాలరు కుండలీకరణం, కొత్త పంక్తి, మొదట్లో హైఫన్ కూడా ప్రయత్నించండి. బ్రౌజరు కొన్ని అక్షరాలను మార్చేస్తుంది కాబట్టి అభ్యర్థనను ప్రాక్సీ (బ్రౌజరుకూ సర్వర్‌కూ మధ్య ఉండే సాధనం) ద్వారా సరిదిద్ది పంపాలి.

నాలుగో అడుగు: సవరణ

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే బరువైన భాగం ఇదే. సవరణ అనగానే ప్రత్యేక అక్షరాలను తీసేసే ఫంక్షన్ రాయాలనిపిస్తుంది. ఆ ఆలోచనను చివరికి నెట్టండి. అసలు షెల్ ప్రమేయమే లేకుండా చేయగలమా అన్నది మొదట అడగవలసిన ప్రశ్న.

బయటి ప్రోగ్రాము నిజంగా అవసరమా? జిప్ విప్పడానికి పిహెచ్‌పిలోనే జిప్‌ఆర్కైవ్ ఉంది. ఫైళ్లు తొలగించడానికి, ఫోల్డర్ పరిమాణం లెక్కించడానికి భాషలోనే సదుపాయాలున్నాయి. కోడ్ కొద్దిగా పెరిగినా ఒక తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది.

అవసరమే అయితే ఆదేశాన్ని వాక్యంగా కాక జాబితాగా ఇవ్వండి. పిహెచ్‌పి 7.4 నుంచి ప్రాక్ ఓపెన్ జాబితాను స్వీకరిస్తుంది. మొదటి అంశం ప్రోగ్రాము, మిగతావి దాని ఆర్గ్యుమెంట్లు. అప్పుడు షెల్ మధ్యలోకి రాదు, సెమికోలన్ వట్టి సెమికోలన్‌గానే ఉండిపోతుంది. పైథాన్ సబ్‌ప్రాసెస్‌కు జాబితా ఇచ్చి షెల్ ఐచ్ఛికానికి ‘అబద్ధం’ (false) అనే విలువ ఉంచడం, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో ఎగ్జెక్‌కు బదులు ఎగ్జెక్‌ఫైల్ వాడడం ఇదే పద్ధతి. విండోస్‌పై నడిపేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: పిలిచేది బ్యాచ్ ఫైలైతే జాబితా ఇచ్చినా విండోస్ షెల్ అయిన సీఎండీ మధ్యలోకి వస్తుంది. రస్ట్ భాషలో 2024లో సీవీఈ-2024-24576 వచ్చింది ఈ కారణంగానే.

జాబితా ఆర్గ్యుమెంట్ ఇంజెక్షన్‌ను ఆపదు. హైఫన్‌తో మొదలయ్యే పేరు ఇంకా ఐచ్ఛికంగానే చదవబడుతుంది. దీనికి నాకు బాగా నచ్చిన పరిష్కారం, వినియోగదారు ఇచ్చిన పేరును డిస్కు దాకా రానివ్వకపోవడం. అప్‌లోడ్ కాగానే ఫైలుకు మీరే యాదృచ్ఛిక అక్షరాలతో పేరు పెట్టి, అసలు పేరును ప్రదర్శన కోసం డేటాబేస్‌లో దాచండి. మార్పిడి ప్రోగ్రాముకు వెళ్లేది మీ పేరు, అది కూడా డిస్కు మూలం నుంచి పూర్తి మార్గంతో. పూర్తి మార్గం ఏటవాలు గీతతో మొదలవుతుంది కాబట్టి హైఫన్ బెడద ఉండదు. ఐచ్ఛికాలు అక్కడితో ముగిశాయని చెప్పే రెండు హైఫన్ల గుర్తును ప్రోగ్రాము అంగీకరిస్తే అదీ పెట్టండి.

స్లైడ్ పరిమాణం, పేజీ సంఖ్య, భాష కోడ్ వంటి విలువలకు అనుమతించిన జాబితా చాలు. సంఖ్య అయితే సంఖ్యగా మార్చండి, పరిధి చూడండి. పరిమాణం అంటే నాలుగు ఎంపికల్లో ఒకటి అన్నప్పుడు, ఆ నాలుగింటిలో లేనిదాన్ని తిరస్కరించండి; సరిదిద్దడానికి ప్రయత్నించవద్దు.

పాత కోడ్‌లో షెల్‌ను తప్పించే వీలు లేకపోతే విలువను కోట్ గుర్తుల మధ్య బంధించే ఎస్కేప్ షెల్ ఆర్గ్ ఫంక్షన్ వాడండి, ప్రతి ఆర్గ్యుమెంట్‌కూ విడివిడిగా. ఎస్కేప్ షెల్ కమాండ్ దీనికి ప్రత్యామ్నాయం కాదు. అది కొత్త ఆదేశాన్ని ఆపుతుంది గానీ అదనపు ఐచ్ఛికాలను వదిలేస్తుంది. రెండింటినీ ఒకదాని మీద ఒకటి వాడితే కోట్ గుర్తుల లెక్క తప్పుతుంది. పిహెచ్‌పి మెయిలర్ మొదటి సవరణను దాటిన సీవీఈ-2016-10045 ఆ రెండింటి కలయికనే వాడుకుంది. ఇంకో చిక్కుంది: సర్వర్ లొకేల్ (భాష, అక్షరాల అమరిక) ‘సి’గా ఉంటే ఎస్కేప్ షెల్ ఆర్గ్ యూటీఎఫ్-8 అక్షరాలను రాల్చేస్తుంది. తెలుగులో పేరున్న ఫైలు మాయమైనట్టు కనిపిస్తుంది, విసుగెత్తిన ప్రోగ్రామర్ ఆ ఫంక్షన్‌నే తీసేస్తాడు. లొకేల్‌ను యూటీఎఫ్-8కు మార్చడమే దీనికి సరైన పరిష్కారం.

సూత్రాల లెక్కకు ఇవాల్ వద్దే వద్దు. సంఖ్యలు, చరరాశులు, నాలుగైదు గణిత ఫంక్షన్లు మాత్రమే తెలిసిన చిన్న పార్సర్ (సూత్రాన్ని విడదీసి చదివే కోడ్) రాయడమో, అలాంటి లైబ్రరీ తెచ్చుకోవడమో చేయండి. అనుమతించని నిర్మాణం ఎదురైతే అది దోషంగా తేలాలి. గణన ప్రశ్నల్లో అదే చోట ఆరేళ్ల తేడాతో రెండోసారి దారి దొరికిందంటే, ఇవాల్ ముందు కూర్చోబెట్టిన తనిఖీ ఎంత బలహీనమో ఊహించవచ్చు.

ఐదో అడుగు: లోపం మిగిలినా నష్టం పాకకుండా

మీ కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా మార్పిడి ప్రోగ్రాముల్లోనే లోపాలుంటాయి. 2016లో బొమ్మలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్‌లో సీవీఈ-2016-3714, 2021లో ఫైళ్లలోని వివరాలు చదివే ఎగ్జిఫ్‌టూల్‌లో సీవీఈ-2021-22204, 2023లో గోస్ట్‌స్క్రిప్ట్‌లో సీవీఈ-2023-36664 బయటపడ్డాయి. వీటిలో ఆదేశం దాగి ఉండేది ఫైలు లోపలే, పేరులో కాదు. పేరును ఎంత జాగ్రత్తగా చూసినా ఇవి ఆగవు. అందుకని మార్పిడి పనిని వేరే కంటైనర్‌లో (మిగతా సర్వర్ నుంచి వేరుచేసిన పెట్టెలో), వేరే వినియోగదారు పేరుతో, నెట్‌వర్క్ లేకుండా, కాల పరిమితితో నడపాలి. దానికి డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు కనిపించనే కూడదు.

ప్రధాన సర్వర్‌పై, కోడ్ ఫోల్డర్‌లో రాసే హక్కు వెబ్ సర్వర్ వినియోగదారుకు ఇవ్వవద్దు. అప్‌లోడ్ల ఫోల్డర్‌ను వెబ్ మూలానికి (వెబ్‌సైట్ బయటికి చూపే ఫోల్డర్‌కు) బయట ఉంచండి. మూడుల్ కాన్ఫిగ్ ఫైలులో ప్రివెంట్ ఎగ్జెక్ పాత్ అనే అమరికకు ‘నిజం’ (true) అనే విలువ పెడితే ప్రోగ్రాముల మార్గాలను వెబ్ పేజీ నుంచి మార్చడం కుదరదు. యాస్పెల్ తరహా దారి దానితో మూసుకుపోతుంది. డిజేబుల్ అప్‌డేట్ ఆటో డిప్లాయ్ అమరిక వెబ్ పేజీ నుంచి ప్లగిన్లు చేర్చడాన్ని ఆపుతుంది. రెండూ ఒక్కో పంక్తి పని.

పిహెచ్‌పి సెట్టింగుల్లో అవసరం లేని ఆదేశ ఫంక్షన్లను నిలిపివేయవచ్చు. మీ సాఫ్ట్‌వేర్ వాటిలో దేన్ని వాడుతుందో మొదటి పట్టికలో చూసుకోండి. షెల్ ఎగ్జెక్‌ను ఆపితే బ్యాక్‌టిక్ కూడా ఆగుతుంది. ఇవాల్ మాత్రం ఈ జాబితాకు లొంగదు, అది ఫంక్షన్ కాదు, భాషా నిర్మాణం. సర్వర్ నుంచి బయటికి వెళ్లే కనెక్షన్లను అవసరమైన చిరునామాలకే పరిమితం చేయండి. దాడిచేసినవారు తమ పరికరాలను దించుకోవడానికి సాధారణంగా వాడే దారి అదే.

ఆరో అడుగు: నిఘా

వెబ్ అభ్యర్థనల లాగ్ ఒక్కటే సరిపోదు, ఎందుకంటే ఫారాలను పంపే పోస్ట్ అభ్యర్థనలో ఏముందో అందులో ఉండదు. ఆడిట్‌డీ వంటి సాధనంతో వెబ్ సర్వర్ వినియోగదారు పేరుతో కొత్తగా మొదలయ్యే ప్రతి ప్రోగ్రామునూ నమోదు చేయండి. ఒక వారం చూస్తే ఏవి మామూలో తెలుస్తుంది: గోస్ట్‌స్క్రిప్ట్, లిబ్రేఆఫీస్ వంటివి. ఆ జాబితాలో లేనిది మొదలైతే వెంటనే హెచ్చరిక రావాలి. పిహెచ్‌పి ప్రాసెస్ కింద షెల్, ఫైళ్లు దించే కర్ల్, వీగెట్, పైథాన్ కనిపించాయంటే ఆ హెచ్చరికను రేపటికి వాయిదా వేయకండి. షెల్‌ను పూర్తిగా తప్పించినవారికి ఇక్కడ ఇంకో లాభముంది: వారి సర్వర్‌లో వెబ్ వినియోగదారు షెల్‌ను ఎప్పుడూ తెరవడు కాబట్టి తప్పుడు హెచ్చరికలు దాదాపు ఉండవు.

లోపం దొరికాక, లేదా దాడి జరిగాక

దాడి జాడలు కనబడితే సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి వేరు చేయండి, ఏదీ తుడిచేయవద్దు. డిస్కు నకలు తీసుకోండి. ఆ తర్వాత డేటాబేస్ పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్, వెబ్ సర్వీస్ టోకెన్లు, ఒకే లాగిన్ వ్యవస్థకు సంబంధించిన రహస్య కీలు అన్నీ మార్చండి. వెబ్ సర్వర్ చదవగలిగిన ప్రతి రహస్యమూ బయటికి పోయిందనే లెక్క వేసుకోవాలి. కొత్తగా పుట్టిన అడ్మిన్ ఖాతాలు, క్రాన్ పంక్తులు, అప్‌లోడ్ ఫోల్డర్‌లో పిహెచ్‌పి ఫైళ్లు వెతకండి. సోకిన సర్వర్‌ను శుభ్రం చేసి వాడటం కంటే కొత్తగా నిర్మించడమే మేలు. మార్కుల మార్పుల చరిత్రను పాత బ్యాకప్‌తో పోల్చి చూడండి. విద్యార్థుల వివరాలు బయటికి పోయుంటే ఆ సంగతి వారికి చెప్పడం మీ బాధ్యత.

లోపాన్ని మీరే కనిపెడితే తయారీదారుల భద్రతా విభాగానికి గోప్యంగా రాయండి. వెర్షన్ సంఖ్య, లోపం రగిలే దశలు, అవసరమైన పాత్ర, కోడ్‌లో ఆ పంక్తి ఎక్కడుందో చేర్చండి. సవరణ విడుదలయ్యే వరకు పనిచేసే నమూనాను బహిరంగంగా పెట్టవద్దు. సవరణ వచ్చాక అదే పరీక్షను నకలుపై మళ్లీ నడపండి, మూడో అడుగులో చెప్పిన మిగతా అక్షరాలన్నిటితోనూ. ఒక్కటైనా దాటితే ఆ వివరాలతో రెండో నివేదిక పంపండి.